వినబడేటట్టు చేసిన ప్రార్థన

పాదిరి పెళ్లాలకు ఉగాది వేరే ఉండేది. మా సంవత్సరం బదిలీల చదువుతో మొదలై మళ్లీ బదిలీల చదువుతోనే ముగిసేది. ఎండలు ముదరక ముందు మా సంఘాల పెద్దలంతా ఒకచోట కూడేవారు. పాటలు, ప్రసంగాలు, వాదులాటలు అన్నీ అయ్యాక ఆఖరి పూట బిషప్పు లేచి నిలబడి, ఏ పాదిరి ఏ ఊరికి పోవాలో పైకి చదివేవాడు. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదని నియమం. చదివాక ఎవరూ నోరు మెదపకూడదని ఇంకొక నియమం. చదివింది దేవుని చిత్తం కాబట్టి ఇంటికి వచ్చి పెట్టెలు సర్దుకోవడమే.

అందుకే మేము ఏ ఊళ్లో ఉన్నా పెరట్లో మెంతికూర, తోటకూర చల్లుకునేవాళ్లం గాని చెట్టు పెట్టేవాళ్లం కాదు. కాయలు ఇంకొకరి పిల్లలు తింటారని కాదు, చెట్టు పెడితే ఊరు వదలబుద్ధి కాదని. జమ్మికుంటకు వచ్చిన మరుసటేడే నేను జామ మొక్క పెట్టాను. మా ఆయన దాన్ని చూసి, "గిది కాయ గాసేదాక మనల్ని ఈడ ఉంచుతరా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఉండాలని అప్పటికే నిశ్చయించుకున్నాను. దేవుడికి ఇంకా చెప్పలేదు, అంతే.

చిత్తం అనే మాట నేను గుడిలో కంటే ముందు గడీలో విన్నాను. మా బాపు మతం పుచ్చుకోకముందూ, పుచ్చుకున్నాకా ఊరి దొర గడీలో వెట్టి చేసినవాడే. దొర ఏది చెప్పినా భుజం మీది తువ్వాల తీసి నడుముకు చుట్టుకొని "సిత్తం దొరా" అనేవాడు. ఇంటికి వచ్చాక అదే దొరను మా అవ్వ చెవులు మూసుకునేటట్టు తిట్టేవాడు. ఆదివారం గుడిలో మళ్లీ అదే నోటితో "నీ చిత్తము" అని ప్రార్థన చెప్పేవాడు. చిన్నదాన్ని కాబట్టి నాకు రెండూ ఒకటే అనిపించేవి. తల వంచి ఆ మాట అనాలి, లోపల అనుకునేది మాత్రం మనదే అని అర్థం చేసుకున్నాను. పోలీసు చర్య అయ్యాక దొర పట్నం పోయాడు, గడీకి తాళం పడింది, బాపు తువ్వాల భుజం మీదనే నిలిచింది. నేను మిషను బడిలో చదివి, పాదిరిని చేసుకొని, ఊరూరా ఆడవాళ్లకు వాక్యం చెప్పేదాన్ని అయ్యాను. ఆ మాట మాత్రం నాలో గడీలో నేర్చిన తీరుగానే ఉండిపోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో ఒక చలికాలం, ఇచ్చోడలో ఉన్న పాదిరి జ్వరాలతో చిక్కి సగమయ్యాడని, ఈసారి ఆయనను తీసి మా ఆయనను అక్కడ వేస్తారని మాట పుట్టింది. చెప్పినవాళ్లెవరూ ఇచ్చోడ చూసినవాళ్లు కాదు. నిర్మల్ దాటి ఘాట్లు ఎక్కాలట, చుట్టూ అడవేనట, పొద్దు గూకితే తలుపులు వేసుకోవాలట, అక్కడి నీళ్లు మన దిక్కువాళ్లకు పడవట. నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరూ మిషను బడిలో చదువుతున్నారు. పెద్దది లెక్కల్లో మొదటిది. అడవిలో దాని చదువు ఏం కావాలి అని నేను రోజూ పొయ్యి దగ్గర గొణుక్కునేదాన్ని.

"పంపిన కాడికి పోవుడే గదా మన పని," అనేవాడు మా ఆయన. ఆ మాట ఆయన నిజంగానే అనేవాడు. ఏ ఊరైనా ఆయనకు రెండు జతల బట్టలు, ఒక బైబిలు, ఒక సైకిలు. ఆ నెమ్మది చూస్తే నాకు ఒళ్లు మండేది. వండేది, బిడ్డలను సాకేది, కొత్త ఊళ్లో పొయ్యి రాజేసేది నేను కదా.

ఇప్పుడు దాపరికం ఎందుకు? పిల్లల చదువు నిజం, నీళ్ల భయం నిజం. వాటి వెనక ఇంకొకటి ఉండేది. జమ్మికుంటలో నేనొక మనిషిని. నా కుట్టుపని క్లాసుకు సాలోళ్ల ఆడపిల్లలు కూడా వచ్చేవాళ్లు. పత్తి మార్కెట్టు ముందు నడుస్తుంటే బండ్లవాళ్లు "పాదిరమ్మ వస్తున్నది, జర జరుగున్రి" అని దారి ఇచ్చేవాళ్లు. అది వదులుకోబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లోనే ఒక చెల్లె నాకు దగ్గరయింది. తోడబుట్టింది కాదు. మాకు దగ్గరి పల్లెలో పని చేసే చిన్న పాదిరి భార్య. నాకంటే చాలా చిన్నది, అక్కా అని నోరారా పిలిచేది. ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. కరీంనగర్‌లో లేడీ డాక్టరు దగ్గర మందులు వాడుతుండేది. ఆ చలికాలం ఒకనాడు మా వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతూ, మళ్లీ నెల తప్పిందని చెప్పింది.

"ఇంకా ఎవలికీ చెప్పలేదక్కా. ఆయనకూ నీకూ తప్ప. ఈసారి జర జాగ్రత్తగా ఉండుమన్నది డాక్టరమ్మ. నెలనెలా వచ్చి సూపించుకోవాలెనట."

"కరీంనగర్ ఎంత దూరం, నేను తోలుకపోత," అన్నాను. ఆ మాట అన్నప్పుడు మనసారానే అన్నాను.

మా జిల్లా సంఘాలన్నిటి మీదా ఒక సూపరింటెండెంటు ఉండేవాడు. బిషప్పు చదివేదాంట్లో మా దిక్కు సంగతంతా ఆయన చెప్పిందే. ఆయన భార్యను అందరం పెద్దమ్మగారు అనేవాళ్లం. మంచి మనిషి, కళ్లలో నీళ్లు తొందరగా వచ్చే మనిషి. ఆమె దగ్గరికి పోయి మమ్మల్ని కదిలించకండి అని అడగడం మాలో చాలా తప్పు. దాన్ని సిఫారసు అనేవాళ్లు. సిఫారసు చేయించుకున్న పాదిరి అంటే సంఘంలో పరువు ఉండేది కాదు. నేనూ ఎవరైనా అట్లా చేశారని వింటే పెదవి విరిచినదాన్నే.

కాని నెలకొకసారి కరీంనగర్‌లో ఆమె ఇంటి వరండాలో ఆడవాళ్ల ప్రార్థన కూటం జరిగేది. అందులో ఎవరి భారం వాళ్లు దేవుని ముందు పెట్టుకోవచ్చు. దాన్ని ఎవరూ సిఫారసు అనరు.

ఆ నెల కరీంనగర్ బస్సులో కూర్చొని నేను మాటలు కూర్చుకున్నాను. చెల్లె నా పక్కనే కూర్చుంది. బస్సు కుదుపులకు కడుపు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటుంటే, ఆమె కింద నా శాలువా మడిచి వేశాను. వేసి మళ్లీ నా మాటల్లో పడ్డాను.

వరండాలో జంబుఖానా పరిచారు. అందరం మోకాళ్లూనాం. నేను ఎప్పుడూ గోడ దిక్కు ఉండేదాన్ని, ఆ రోజు పెద్దమ్మగారికి దగ్గరగా జరిగాను. నా వంతు వచ్చింది. "తండ్రీ, అడవి నీళ్లు పడని పసిపిల్లలను నీవు ఎరుగుదువు" అని మొదలుపెట్టాను. పెద్దదాని లెక్కలు చెప్పాను, చిన్నదాని దగ్గు చెప్పాను, కుట్టు నేర్చుకుంటున్న బీద పిల్లల గురించి చెప్పాను. దేవుడికి ఇవన్నీ తెలుసు. తెలియనిది పెద్దమ్మగారికి. అందుకే ఊరి పేరు కూడా చెప్పాను. ఏ దేవుడికీ ఊరి పేరు చెప్పాల్సిన పని లేదు. గొంతు అక్కడక్కడ వణికించాను కూడా. చివర "అయినను మా ఇష్టం కాదు తండ్రీ, నీ చిత్తమే" అన్నాను. ఆ ముక్క లేకుంటే ప్రార్థన నిండుగా ఉండదు కాబట్టి, పప్పుకు ఆఖరున పోపు పెట్టినట్టు పెట్టాను.

పెద్దమ్మగారు ముక్కు చీదుకోవడం వినబడింది. పక్కనుంచి చెల్లె "ఆమెన్" అంది. అందరికంటే గట్టిగా అంది.

మేము కాకపోతే ఇచ్చోడకు ఎవరో ఒకరు పోవాలి కదా అని నేను ఆలోచించలేదు. నిజమే, ఆలోచించలేదు. ఆలోచించకుండా జాగ్రత్తపడ్డాను అంటే ఇంకా నిజం. మా దిక్కున కదిలించడానికి వీలున్న పాదిరులు ఎందరు? వాళ్లలో పిల్లలు లేనివాళ్లు ఎవరు? పిల్లలు లేనివాళ్లను అడవికి పంపడం తేలిక అని పెద్దలు అనుకుంటారని నాకు తెలియదా? చెల్లె కడుపుతో ఉన్నట్టు పెద్దమ్మగారికి తెలియదు. నాకు తెలుసు.

బదిలీలు చదివే పూట గుడి కిక్కిరిసి ఉంది. జమ్మికుంట అని చదివి బిషప్పు మా ఆయన పేరే చదివాడు. నా గుండె తేలికై, పక్కన ఎవరుంటే వాళ్ల చెయ్యి పట్టుకున్నాను. ఆ పట్టుకున్నది చెల్లె చెయ్యే. మరి కాసేపటికి ఇచ్చోడ అని చదివి ఆమె భర్త పేరు చదివాడు. ఆమె వేళ్లు నా చేతిలో ఒక్కసారి బిగుసుకున్నాయి. తర్వాత మెల్లగా తీసుకుంది.

బయటికి వచ్చాక అందరూ ఒకటే మాట, ప్రభువు చిత్తం అని. పెద్దమ్మగారు నన్ను పక్కకు పిలిచి, "నీ మొర విన్నడు బిడ్డా," అంది. ఎవరు విన్నారో నాకు తెలుసు. అయినా తల ఊపాను. ఆ పూట భోజనాల పందిట్లో నేను కడుపునిండా తిన్నాను. ఈ సంగతి రాయడానికి అన్నిటికంటే ఎక్కువ సిగ్గేస్తున్నది, కాని తిన్న మాట నిజం. చెల్లె వచ్చి, "పోయొస్తనక్కా, మందులు ఎక్కువ తీసుకొని పోత," అంది. డాక్టరమ్మ మాట పెద్దమ్మగారితో చెప్పనా అని అప్పుడైనా అడిగి ఉండవచ్చు. పెద్దమ్మగారు అక్కడే, చెప్పులు వేసుకుంటూ ఉంది. చదివినదాన్ని ఎవరూ మార్చకూడదు కదా అని ఆ నియమం అప్పుడు గుర్తుకు తెచ్చుకున్నాను.

వానాకాలంలో కబురు వచ్చింది. ఆమెకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయట. వాగు పొంగి బస్సు ఆగిపోయిందట. ఎడ్లబండి కట్టించుకొని నిర్మల్ దిక్కు బయలుదేరారట గాని దారిలోనే కాన్పయింది. ఆడపిల్ల. బతకలేదు. ఇక కడుపు పండదని తర్వాత చూసిన డాక్టరు చెప్పాడట.

ఆ ఆదివారం మా గుడిలో వాళ్ల కోసం ప్రార్థన పెట్టారు. "దేవుని చిత్తం, మనమేం జేస్తం" అని ఒకరితో ఒకరు అనుకున్నారు. ప్రార్థన చేయమని నన్ను లేపారు, నేనే కదా బాగా చేసేది. లేచి నిలబడ్డాను. తండ్రీ అన్నాను. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. ఏ మాట పట్టుకున్నా అది ఎవరికో వినబడాలని అంటున్నట్టే తోచింది. కూర్చున్నాను. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందని అందరూ నా వీపు నిమిరారు.

అప్పటినుంచి నేను పైకి ప్రార్థించడం మానేశాను. కూటాల్లో నా వంతు వస్తే తల వంచి ఊరకుండేదాన్ని. దానికీ నాకు మంచి పేరే వచ్చింది. పాదిరమ్మది లోతైన భక్తి, మాటలతో పని లేదు అన్నారు. ఆ పేరు విన్నప్పుడల్లా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అట్లాగని కాదనీ అనలేదు.

పెద్దలు ముందే నిర్ణయించుకొని ఉన్నారేమో, నా మాటలతో ఏమీ మారలేదేమో అని చాలాకాలం ఆ 'ఏమో'ను పట్టుకొని గడిపాను. పట్టు దొరికేది కాదు. లిస్టు ఎవరు మార్చినా, మార్చకపోయినా, నేను మోకాళ్లూని ఎవరి దిక్కు తిరిగానో అది నేను చేసిందే. చెప్పులు వేసుకుంటున్న మనిషితో ఒక్క మాట చెప్పకపోవడం కూడా నేను చేసిందే.

తర్వాతి బదిలీలు దగ్గరపడ్డప్పుడు మా ఆయనను పట్టుకున్నాను. "మనల్ని ఇచ్చోడకు పంపుమని అడుగున్రి. వాళ్లు ఇటు రావాలె. మనం పోవాలె," అన్నాను. జరిగిందంతా చెప్పి, ఏడ్చి మరీ చెప్పాను. ఆయన సైకిలు తుడవడం ఆపి అంతా విన్నాడు. నన్ను కోప్పడితే బాగుండేది.

"పోనియ్యొద్దని అడిగినవు. ఇప్పుడు పంపుమని అడుగుతున్నవు. రెండూ అడుగుడే," అన్నాడు చివరికి. "నీకు శిక్ష గావాలె. గది సుత నీకు నచ్చినంతే గావాలె. ఇగ జర ఊకో."

ఆ మాటకు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రెండు రోజులు అన్నం పెట్టి మాట్లాడకుండా అవతలికి పోయేదాన్ని. కాని అది లోపల పని చేయడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ దేవుడికి నేను దొరసానినై పని పురమాయించాను. చిత్తం అన్నది నేను కాదు, ఆయనతో అనిపించాలని చూశాను. ఆఖరికి పశ్చాత్తాపం కూడా ఇట్లా జరగాలని నేనే ఏర్పాటు చేస్తున్నాను. అప్పటినుంచి తెల్లారి లేవగానే ఆ రెండు మాటలే అనుకునేదాన్ని, నీ చిత్తము అని. అక్కడే ఆగిపోయేదాన్ని. అంతకు ముందుకు పోవడానికి భయమయ్యేది. ఏమీ అడగకుండా ఉండడం నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. పెద్దమ్మగారు బదిలీల ముందు, "ఏమన్న చెప్పాలెనా బిడ్డా?" అని మెల్లగా అడిగేది. ఏం లేదమ్మా అనేదాన్ని. మొదట్లో ఆ మాట అనడానికి పళ్లు బిగబట్టాల్సి వచ్చేది. తర్వాత తర్వాత మామూలుగానే వచ్చింది. జామచెట్టు కాపుకొచ్చింది. పిల్లలు తినేవాళ్లు, నాకు మాత్రం సహించేది కాదు.

పెద్దదాని చదువు ముగిసి పెళ్లయ్యాక మమ్మల్ని నిర్మల్‌కు వేశారు. అడగలేదు, వద్దనలేదు. ఇచ్చోడలో చెల్లె ఇంకా ఉన్నదని విన్నాను. మధ్యలో ఒకటి రెండు ఊళ్లు తిరిగి మళ్లీ అక్కడికే వేస్తే పోయారట. నిర్మల్‌కు వచ్చినాక కూడా చాలా రోజులు నేను ఆ ఘాట్లు ఎక్కలేదు. బట్టలు ఉతకాలి, జ్వరంగా ఉంది, వాన వచ్చేటట్టుంది. చివరికి ఒక పొద్దున బస్సెక్కాను.

ఆమె ఇంటి ముందు జొన్నలు చెరుగుతున్నది. జుట్టు అప్పుడే సగం నెరిసింది. మాటలో మరాఠీ కలిసింది. నన్ను చూసి చాట పక్కన పెట్టి, "అక్కా" అని లేచింది. అదే పిలుపు. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు పెట్టింది. నేను తుంచిన ముక్క తుంచినట్టే పట్టుకొని అంతా చెప్పాను. మాటలు కూర్చుకొని పోలేదు, ఒకటి ముందు ఒకటి వెనుక వచ్చాయి. శాలువా సంగతి, ఊరి పేరు చెప్పిన సంగతి, చెప్పుల దగ్గర ఊరుకున్న సంగతి, అన్నీ.

ఆమె రొట్టె కాల్చడం ఆపలేదు. పెనం దింపినాక అంది: "నాకు గప్పుడే ఎర్క అక్కా. మోకాళ్లయితే ఊనినవు గని, నీ మొకం పెద్దమ్మ దిక్కున్నది. నేను కండ్లు మూసుకోలే."

"మరి ఆమెన్ ఎందుకన్నవే?"

"ఏమనాలె? నీ మొర ఇంటే నాకు గుండెల రాయి పడ్డది. నువ్వు పోకపోతే మేమే గద ఉన్నది. అక్కనే పంపు దేవా, ఆమెకు బిడ్డలు దక్కిన్రు, నాకు ఇంకా దక్కలే అని లోపల అనుకున్న. అనుకొని, పైకి ఆమెన్ అన్న. నువ్వు గట్టిగ అడిగినవు, నేను మెల్లగ అడిగిన. గంతే ఫరక్."

గంతే ఫరక్ కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగింది.

"పిల్లను వాగు ఒడ్డున్నే పెట్టినం," అంది తర్వాత. "నీ మీద శాన కోపమున్నదక్కా. ఏండ్లు ఉన్నది. ఇప్పుడు గూడ కొన్ని దినాలు ఉంటది, కొన్ని దినాలు ఉండది. గప్పటి సంది ఒక్కటే నేర్చుకున్న. మనసుల లేనిదానికి ఆమెన్ అనుడు బంద్ జేసిన. పాదిరి పెండ్లాం ఆమెన్ అనదేంది అని ఈడ అందరు నవ్వుతరు."

మధ్యాహ్నం బస్సుకు బయలుదేరుతుంటే గడప దగ్గర చెయ్యి పట్టుకొని ఆపింది. "ప్రార్థన జేసి పో."

"నేను పైకి జేస్తలేనే. మానేసి ఏండ్లయింది."

"ఎర్కే. అందరు నీ భక్తి గురించి చెప్తరు," అంది, నవ్వుతున్నదో లేదో తెలియకుండా. "గప్పుడు పెద్దమ్మకు వినబడేటట్టు జేసినవు గద. ఇప్పుడు నాకు వినబడేటట్టు జెయ్యి."

ఇద్దరం గడపలోనే మోకాళ్లూనాం. నేను ఆమె దిక్కు తిరగలేదు, ఎటు తిరగాలో తెలియక నేల దిక్కు చూశాను. తండ్రీ అన్నాను. వాగు ఒడ్డున ఉన్న పిల్ల నీకు తెలుసు అన్నాను. పేరు పెట్టారో లేదో నేనెప్పుడూ అడగలేదు అన్నాను. ఆమె చెయ్యి నా చేతిలో బిగుసుకుంది, బదిలీలు చదివిన పూట బిగుసుకున్నట్టే. నీ చిత్తము అన్నాను. అక్కడ ఆగాను. ఎన్నో ఏళ్లుగా ఆగుతున్న చోటే. క్షమించమని అడగాలని ఉంది. అడిగితే అది కూడా ఆమెకు వినబడాలనే అవుతుంది కదా అని ఊరుకున్నాను.

ఆమె ఆమెన్ అంటుందేమో అని చూశాను. ఆమె అనలేదు. బస్సు వచ్చేదాకా నా చెయ్యి మాత్రం వదలలేదు.